వెనుక గొంతు

క్యాసెట్ మళ్లీ గీసుకుంటూ ఆగింది.

శ్రీలత టేప్‌రికార్డర్ నెత్తిన ఒక్కటి కొట్టింది. మొండి మిషన్‌కు దెబ్బే మందని ఆమె నమ్మకం.

మందు పనిచేసింది. పాట మళ్లీ మొదలైంది.

మూడు నెలల కింద తండ్రి పోయాక ఆయన బీరువాలో దొరికిన క్యాసెట్ అది. అట్ట మీద ఆయన చేతిరాత: 'మొగిలమ్మ పాట, 1993.'

మొగిలమ్మ శ్రీలత తల్లి. ఆ పాట రికార్డయిన కొన్నాళ్లకే పోయింది. అప్పటికి శ్రీలతకు రెండేళ్లు. అమ్మ ముఖం ఫోటోలో ఉంది, గొంతే ఇన్నేళ్లూ ఎక్కడా లేదు.

రేపే సద్దుల బతుకమ్మ, పండుగకు ఆఖరి రోజు. తాముండే కొత్తవాడ ఆడవాళ్లంతా ఆడేచోట మైకులో అమ్మ పాట మోగాలని ఆమె పంతం. అందుకే టేప్‌రికార్డర్‌కు వైరు తగిలించి పాటను ఫోన్‌లోకి ఎక్కిస్తోంది. కూర్చుంటే లేస్తోంది, లేస్తే మళ్లీ కూర్చుంటోంది. పొయ్యి మీద పప్పు ఎప్పుడో మాడింది.

టేపులో ఒక గొంతు ముందు చెబుతోంది. నిండుగా, ఎక్కడా తొణకకుండా. వెనుక ఇంకో గొంతు అదే చరణాన్ని అంటోంది. సన్నగా, తడబడుతూ, నడుమ నడుమ దగ్గుతూ.

బతుకమ్మ పాట తీరే అంత. ఒకరు చెప్పాలి, మిగిలినవాళ్లు వెనుక అనాలి.

"మా అమ్మ ఎంత మంచిగ చెప్తాంది!" శ్రీలత కళ్లు తుడుచుకుంది. "ఈ దగ్గులామె ఎవలో గని, పాటంత ఖరాబ్ చేసింది."

చివరి చరణం అయిందో లేదో, టేపు లోపల చుట్టుకుపోయి పటుక్కుమంది. లాగితే ముక్కలు ముక్కలుగా చేతికొచ్చింది.

పోతే పోయింది, ఫోన్‌లో ఉంది కదా అనుకుంది.

"బిడ్డా!"

గుమ్మం ముందు పూలమ్మే ముసలామె. గంప దించి చాలాసేపే అయినట్టుంది.

"తంగేడు పూలు కావాల్నా? ఇదే ఆఖరి గంప. మల్ల ఏడాదికే."

"పెట్టి పో అవ్వా."

ముసలామె కదల్లేదు.

"ఆ పాట ఇంకోపారి పెడ్తవా?"

అమ్మ పాట వింటానని అడిగితే కాదనేదెట్లా? శ్రీలత ఫోన్‌లో పెట్టింది. ముసలామె మెట్టు మీద కూలబడి కళ్లు మూసుకుంది.

"ఎక్కడిది బిడ్డా ఈ పాట?"

"మా బాపు రికార్డు చేసిండు. ముందు చెప్పేది మా అమ్మ మొగిలమ్మ."

ముసలామె కళ్లు తెరిచింది. శ్రీలత ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నీకు అమ్మ యాదికున్నదా?"

"లేదవ్వా. కని ఈ గొంతు ఇనంగనే అమ్మ అని తెల్సిపోయింది. ఎంత మంచిగున్నదో చూడు!"

ముసలామె తల అడ్డంగా తిప్పింది.

"ముందు గొంతుది ఏమున్నది? వెనుక గొంతే మంచిగున్నది."

శ్రీలతకు చిర్రెత్తింది.

"దగ్గుడే పాటనా? ఇప్పుడు అదంత కోసేస్త. మా అమ్మ గొంతొక్కటే ఉంచుత."

"అద్దు బిడ్డా!" ముసలామె లేచి నిలబడింది. "వెనుక గొంతు తియ్యకు. పానం బాగలేకున్నా వెనుక అన్నది ఆమె. జర నా మాట ఇను."

"నీకెట్ల ఎరుక?"

"గొంతు ఇంటె ఎరుకైతది."

"పూలమ్మేటామెవు పూలమ్ముకో. నాకు చెప్పకు!"

ఆ మాట అన్నాక శ్రీలతకే కాస్త ఎక్కువైందనిపించింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

ముసలామె గంపలో మిగిలిన తంగేడంతా మెట్టు మీద కుమ్మరించింది. వీధిలోకి పోయి, మళ్లీ వెనక్కి తిరిగింది.

"ఒక్క చరణమన్న ఉంచు బిడ్డా."

శ్రీలత వినలేదు. గంటన్నర కూర్చుని దగ్గిన చోటల్లా, తడబడిన చోటల్లా, వెనుక అన్న ప్రతి చోటా కోసేసింది. పాతదాని మీదే సేవ్ చేసింది. పాట సగమై, నున్నగా తయారైంది.

వెంటనే ఏటూరునాగారంలో ఉన్న కమల పెద్దమ్మకు పంపింది. మొగిలమ్మకు ఆమె తోడబుట్టిన అక్క.

రెండు నిమిషాలకే ఫోన్ మోగింది.

"ఇన్నవా పెద్దమ్మా? అమ్మ గొంతు!"





"ఇందుల మీ అమ్మ గొంతేది బిడ్డా?"

"అదేంది? చెప్తాంది గద!"

"మీ అమ్మకు పాట చెప్పరాదు, వెనుక అనుడే. గా యేడు దగ్గుతోని మంచం పట్టింది. బతుకమ్మ ఆడ పోలేనని ఏడిస్తే ఇంట్లనే పాడిచ్చిండ్రు. పండుకొనే వెనుక అన్నది. మీ బాపు టేపు పెట్టింది ఆమె గొంతు కోసమే. అదేమాయె?"

శ్రీలత తెగిన టేపు ముక్కలను దగ్గరికి లాక్కుంది. కోసిన ప్రతి దగ్గూ చెవుల్లో తిరిగింది.

"మరి... ముందు చెప్పేది ఎవలు?"

"సమ్మమ్మ. హసన్‌పర్తి నుంచి మనింటికి పూలు తెచ్చేది. మీరు ఇల్లు మారినంక మల్ల కనవడలే."

శ్రీలత వీధి గుమ్మం వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

"ఆమెను మరువద్దు బిడ్డా," అంది పెద్దమ్మ. "మీ అమ్మ పోయినంక నువ్వు ఎవల దగ్గర ఊకోకపోతే, ఏడాది దాక రోజు నడిచొచ్చి, ఆ గొంతుతోనే నిన్ను జోకొట్టి పోయింది ఆమెనే."