నిండుగా పోసిన టీ

జూన్ పదకొండు సాయంత్రం కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్‌లో మా పెరట్లో వేడి రొట్టె, ఆప్రికాట్లు తిన్నాం. నేను, పక్కింటి కిర్గిజ్ మిత్రుడు టొక్టోబెక్, అప్పట్లో ఇక్కడ కిర్గిజ్‌లకూ మా ఉజ్బెకులకూ మధ్య జరిగిన జాతి అల్లర్ల మీద పరిశోధన చేస్తున్న నుర్జాత్.

“అల్లర్లప్పుడు పొరుగు దేశాన్నేలే మీ ఉజ్బెక్ అధినేతే సరిహద్దు మూసేశాడు. మరి మిమ్మల్ని దాచిందెవరు తాతా?” మూడోసారి అడిగింది నుర్జాత్.

పేరు చెబితే, ఉజ్బెకుల్ని దాచిన ఇంటివాడని టొక్టోబెక్ మనవడి పోలీసు ఉద్యోగం ఊడుతుంది. ఆమె గిన్నె నిండా టీ పోశాను. మా దగ్గర సగం పోస్తే ఉండమని, నిండా పోస్తే వెళ్ళమని.

“పొమ్మంటున్నారా?”

“లేదమ్మా, చెయ్యి వణికింది.”

“చదరంగంలో నా ఏనుగును దొంగిలించేటప్పుడు వణకదేం?” అన్నాడు టొక్టోబెక్.

“ఇంటికి పోరా, ముసలోడా.”

వాడు సణుగుతూ లేచాడు. వీధి గుమ్మం వైపు వెళ్ళకుండా, అలవాటు కొద్దీ, చనిపోయిన మా ఆవిడ గిన్నెలు ఇచ్చిపుచ్చుకోడానికని మా రెండిళ్ళ ఉమ్మడి గోడలో పెట్టించిన చిట్టి తలుపు తీసి, వంగి దూరాడు.

నుర్జాత్ ఆ తలుపును చూసింది. నన్ను చూసింది. కాగితం మీద ప్రశ్న కొట్టేసింది.

“మీకు మతిమరుపని రాసుకుంటాను తాతా.”

“నిజమే తల్లీ, ఈమధ్య ఎక్కువైంది.”

అవతల టొక్టోబెక్ చప్పుడు కాకుండా గడియ పెట్టుకున్నాడు.