నిద్రపోని కారు

"మళ్లీ చచ్చింది!" ప్రిమో కారు ముందు రేకు మీద అరచేత్తో చరిచాడు. "నీ ఇల్లే పడటం లేదమ్మాయ్ దీనికి. మా షెడ్డులో వారం ఉంచుకుంటే బ్యాటరీ వెంట్రుకవాసి తగ్గలేదు. ఇక్కడికి తెచ్చిపెట్టానో లేదో, గుడ్లు తేలేసింది."

నివెస్ శాలువా బిగించుకుంది. మోదెనా ఊరి పొగమంచు గరాజు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఛార్జరు తగిలించి ఉంచుదామంటే ఆ పాత గరాజుకి కరెంటు లేదు.

"ఎలాగైనా బతికించు మామా. ఆయన వచ్చేసరికి ఒక్క మీటకి లేవాలి."

ముసలి మెకానిక్కు ప్రిమో మళ్లీ రేకు కిందికి వంగాడు. ఆమె మొగుడు ఎర్మెస్ సస్సువోలో ఊరికి ఎవతెతోనో లేచిపోయాడని ఊరంతా కోడై కూస్తోంది. ఆ కబురు మోసుకొచ్చింది మరిది ఒరియానోయే. పోలీసులు కూడా, "సంచీ, కోటూ సర్దుకుని మరీ పోయినవాణ్ణి మేమెక్కడని వెతుకుతాం సిన్యోరా?" అని చేతులు దులిపేసుకున్నారు. నివెస్ మాత్రం నమ్మలేదు. ఎర్మెస్ పెళ్లాన్నయినా వదులుతాడేమో గానీ, ఏళ్ల తరబడి నోరు కట్టుకుని కొన్న ఈ ఎర్ర కారుని వదలడు. కారు బతికుంటే మనిషి వస్తాడు. ఇది కాస్తా చచ్చిపోతే?

"ఇంకా దీన్నే పట్టుకు వేలాడుతున్నావా వదినా?" వేడి రొట్టెల పొట్లంతో ఒరియానో లోపలికి వచ్చాడు. "అమ్మిపారెయ్, పీడా పోతుంది."

"దీన్ని వదిలేసి ఎలా పోయాడంటావ్?"

"లేచిపోయేవాడు ఎర్ర కారులో ఊరేగుతాడా? ఆవిడకీ ఒక కారుందిలే."

ఒరియానో తాపీమేస్త్రి. మొన్నటిదాకా ఇంటి వాటా కోసం అన్న మీద కత్తులు నూరిన మనిషి. అలాంటిది, అన్న వెళ్లిపోయిన దగ్గర్నుంచీ వదిన కోసం రెక్కలు ముక్కలు చేసుకున్నాడు. చూరు గొట్టం బాగుచేశాడు. చలికి కట్టెలు కొట్టిచ్చాడు. చీకట్లో కాలుజారి పడుతుందని, గరాజులో బండి అడుగు చూడటానికి మనిషి దిగే పాత గొయ్యి పూడ్చి సిమెంటు చేశాడు. వంటింటి కిటికీకి కొత్త అద్దం బిగించాడు. తోడబుట్టినవాడు కూడా ఇంత చెయ్యడని నివెస్ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అమ్మాయ్, తాళంచెవి ఎక్కడ పెడతావ్?" ప్రిమో అడిగాడు.

"వంటింట్లో, బిస్కెట్ల రేకు డబ్బాలో. ఆయనే అలా పెట్టమన్నాడు."

"మంచిపని చేశాడు. చెవి పంపే రేడియో సంకేతం రేకుని దాటి రాదు. చెవి దగ్గర్లో ఉంటే ఈ జాతి కార్లకి నిద్రపట్టదు. యజమాని వచ్చాడేమోనని మాటిమాటికీ లేచి చూస్తాయి. అలా లేచి లేచే బ్యాటరీ హరించుకుపోతుంది. ఆ డబ్బాలోది ఎవరిది?"

"నాదే. అది పట్టుకెళ్తే సీటు నాకు సరిపడా ముందుకొస్తుంది. ఆయనది ఎప్పుడూ ఆయన జేబులోనే. నిద్రలో కూడా తీసేవాడు కాదు."

"ఇంకేం, సస్సువోలో ఊరు చేరుంటుంది," ఒరియానో నవ్వాడు. "పద వదినా, రొట్టెలు చల్లారిపోతున్నాయ్."

ప్రిమో నిండు బ్యాటరీ బిగించాడు. కారు తలుపులు మూసి తాళం పడ్డాక, నివెస్ తెచ్చిన డబ్బా చంకన పెట్టుకున్నాడు.

"దీని రేకు పల్చనేమో, వంటింట్లోంచే కారుని లేపుతోందేమో. ముందు దూరం తీసుకెళ్లి చూద్దాం. నేను చర్చి మలుపు దాకా పోయి కేకేస్తాను. అప్పుడు తలుపు లాగు. అది తెరుచుకోకూడదు. చెవి దగ్గర్లో లేందే ఇది దేవుడొచ్చినా తలుపు తియ్యదు."

"ఈ చలిలో ఏమిటీ పిల్లాటలు?" ఒరియానో చేతిలోని పొట్లం నలిగింది. "వదినా, వదిలెయ్. ఇంట్లోకి పద."

"ఒక్క నిమిషం ఆగవయ్యా!" ముసలాడు కసిరాడు.

ప్రిమో పొగమంచులో కలిసిపోయాడు. కాసేపటికి దూరంనుంచి కేక వినపడింది.

నివెస్ పిడి పట్టుకుని లాగింది.

తలుపు తెరుచుకుంది. లోపల దీపాలు వెలిగాయి. డ్రైవరు సీటు కదిలింది. ముందుకి కాదు, వెనక్కి. పొడుగుకాళ్ల ఎర్మెస్ కోసం ఎప్పుడూ జరిగినంత వెనక్కి జరిగి ఆగింది.

"వచ్చావా!" నివెస్ కేకపెట్టింది. సంతోషంతో గుమ్మం కేసి తిరిగింది. "ఎర్మెస్! ఎక్కడున్నావయ్యా? లోపలికి రా!"

గుమ్మంలో పొగమంచు తప్ప ఎవరూ లేరు. ఒరియానో గుమ్మం వైపు చూడనైనా చూడలేదు. రొట్టెలు నేల మీద చెల్లాచెదరై ఉన్నాయి. పాలిపోయిన మొహంతో అతను కారు కిందికి, తను చేసిన కొత్త సిమెంటు కేసి చూస్తున్నాడు.

నివెస్ కూడా అటే చూసింది.

ఎర్మెస్ ఎక్కడికీ వెళ్లలేదు.