సైమా జోలికి పోవద్దు

మెమరీ తొంభై ఏడు శాతం నిండిందని సర్వర్ తెర మీద ఎర్ర అక్షరాలు పడేసరికి సుధీర్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. పరీక్ష ముగియడానికి ఇంకా నలభై నిమిషాలుంది.

ఆత్మకూరు కాలేజీ కింది హాల్లో, బల్లకూ బల్లకూ మధ్య అట్టలు అడ్డం పెట్టుకుని ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు పరీక్ష రాస్తున్నారు. అందరి జవాబులూ పై గదిలోని ఈ ఒక్క పాత సర్వర్ మెమరీలోనే ఉన్నాయి. పరీక్ష ముగిశాకే డిస్కులోకి ఎక్కుతాయి. పైగా అక్షరం కొట్టినప్పుడల్లా జవాబు మొత్తాన్నీ ఇంకో కాపీగా దాచేలా ప్రోగ్రాం రాసిన మహానుభావుడు సుధీరే.

మెమరీ అయిపోతే కంప్యూటర్‌ను నడిపించే కెర్నెల్ ఎవరినీ అడగదు. ఎవరి ప్రోగ్రాం ఎక్కువ తింటోందో చూసి దాని పీక నొక్కేస్తుంది, అందులోని జవాబులూ పోతాయి. మిగతావాటిని బతికిస్తుంది. ఇప్పుడు వరసలో అందరికంటే పైనున్న పేరు సైమాది.

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే షంషుద్దీన్ కూతురు. ఈ పరీక్ష నెగ్గి కాలేజీలో ఉచిత సీటు తెచ్చుకోకపోతే ఆ పిల్ల చదువు ఇంతటితో సరి. తక్కినవాళ్ళకు నాలుగింతలు మెమరీ తింటోందంటే ఎంత రాస్తోందో! ఎక్కువ రాసినందుకా శిక్ష? సుధీర్‌కు ఒళ్ళు మండింది. సైమా జోలికి పోవద్దని కెర్నెల్‌కు ఆజ్ఞ టైపు చేశాడు.

రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది. హాలు చూసుకుంటున్న రేణుకాదేవి.

"సుధీర్ సార్, కోటేశ్వర్ స్క్రీను నల్లగా అయిపోయినాది. రాసిందంతా పోయినట్టుండాది."

"ఒక్కడే కదా మేడం. కూర్చోబెట్టండి."

మళ్ళీ మోగింది.

"ఇంకో నలుగురివి పోయినాయి సార్! ఒకటే ఏడుపు. వీళ్ళను వదిలి పక్కకు కదల్లేకుండా ఉండాను. ఏంది చేసేది?"

సుధీర్ ఫోన్ పెట్టేసి తెర వైపు తిరిగాడు. సైమా అంకె ఇంకా పెరుగుతోంది. ఇచ్చిన ఆజ్ఞ వెనక్కి తీసుకుంటే చాలు, ఆ ఒక్క పిల్ల పోతుంది, మిగిలిన ముప్ఫై రెండు మంది ఒడ్డున పడతారు. మీట మీద వేలు పెట్టాడు. నొక్కలేకపోయాడు.

"రాయమ్మా, రాయి" అన్నాడు తెరతో.

పది మంది పోయారు. ఇరవై మంది పోయారు. కింద నుంచి అరుపులు పైదాకా వినిపిస్తున్నాయి. ఏ తల్లిదండ్రులకూ ఇక ముఖం చూపించలేడు. వాళ్ళు కొట్టినా పడాల్సిందే. చివరికి తెర మీద ఒకే ఒక్క పేరు మిగిలింది. సుధీర్ కళ్ళు తుడుచుకుని తనే ఫోన్ చేశాడు.

"మేడం, సైమాను మాత్రం ఎవర్నీ కదిలించనీయొద్దు. ఒక్క పిల్లనన్నా కాపాడినాను. ఇంకా రాస్తానే ఉండాది కదా?"

"ఆ మూల సీటేగా, ఉండండి, చూస్తాను."

అడుగుల చప్పుడు వినిపించింది.

"సార్... స్క్రీను నిండా ఒకటే అక్షరం, పేజీలు పేజీలు పడతానే ఉండాది. పిల్ల తల కీబోర్డు మీద వాలిపోయుండాది సార్, పిలిస్తే పలకడంలేదు!"