ముప్పయ్యో లెవెల్

"కొట్టు! ఏం జూస్తున్నవ్? నేను సచ్చిపోతున్న!"

ఫోన్ తెర మీద తమ్ముడు రాసిన మాటలు చూసి వెస్లీకి చెమటలు పట్టాయి. మెదక్ బస్టాండు పక్కన, మోటార్లు బాగుచేసే తన దుకాణంలో, మిట్టమధ్యాహ్నం.

వెస్లీ చెంపమీద కొట్టాడని తమ్ముడు బెంజమిన్ ఇల్లు విడిచి నాలుగు నెలలైంది. ఫోను లేదు, జాడ లేదు. ఆఖరికి దొరికింది ఫోన్‌లో ఆడే ఈ ఆటలోనే. మూడు నెలలుగా వెస్లీ మారుపేరుతో అతని జట్టులో చేరి, తానెవరో చెప్పకుండా తమ్ముడి పక్కన నిలబడుతున్నాడు.

ఇప్పుడు ఎదురుగా ఉన్న రాకాసి మీద ఇంకొక్క దెబ్బ వేస్తే వెస్లీకి ముప్పయ్యో లెవెల్ వస్తుంది. ముప్పై చేరినవాణ్ని ఆట వేరే లోకానికి పంపేస్తుంది. ఇక కిందివాళ్లు కనబడరు, వాళ్లతో మాట కలవదు. లెవెల్ పెరగకుండా ఆపుకునే మీట ఉంది. రోజూ నొక్కేవాడు. ఇవాళ మరిచాడు. పోరు మొదలయ్యాక అది పనిచేయదు.

"నువ్వెవలో చెప్పు బిడ్డా," పక్కనే కూర్చున్న తల్లి ఎలిశిబా బతిమాలింది. "అమ్మ అన్నం తింటలేదని రాయి."

"రాస్తె ఆట గూడ ఇడిసిపెట్టి పోతడమ్మా. గిదొక్కటే మిగిలింది మనకు."

తెర మీద ఆ రాకాసి గద ఎత్తింది. బెంజమిన్ మోకాళ్ల మీద పడ్డాడు.

"జర కొట్టు భాయ్! ఒక్క దెబ్బ!"

కొట్టకపోతే తమ్ముడు ఇన్నాళ్లు సంపాదించుకున్నదంతా పోయి మళ్లీ మొదటికొస్తాడు. కొడితే తనకు తమ్ముడే పోతాడు.

"ఇంకో దెబ్బ తాకనియ్యన్రా నీకు," అని గొణిగి నొక్కేశాడు.

రాకాసి కూలింది. బెంజమిన్ లేచి నిలబడ్డాడు. మరుక్షణం తెర తెల్లబడింది. వెస్లీ ఎవరూ లేని మంచుకొండల మధ్య తేలాడు. పిచ్చివాడిలా తమ్ముడి పేరు వెతికాడు. లేదు. మళ్లీ వెతికాడు. ఫోను పక్కన పడేసి, విప్పిన మోటారు మీద తలవాల్చి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఎలిశిబా ఫోను మోగింది. కొత్త నంబరు. ఆమె ఎత్తి విన్నది. దాన్ని కొడుకు చెవికి ఆనించింది.

"నిన్ను మొదటి దినమే గుర్తువట్టిన. నీ తోడు ఇడువొద్దని మూడు నెలల సంది నా లెవెల్ ఆపుకొని కూసున్న. నువ్వేమో నన్ను ఇడిసి ఎట్ల పోయినవన్నా?"