తొమ్మిదో లక్ష్యం

ముసలాయన మౌస్‌ని అందరిలా పట్టుకోలేదు. ఎత్తి, తిరగేసి, కింద ఏముందో చూశాడు.

"దీపమే ఉందా?"

"ఇంకేం ఉంటుందనుకున్నారు తాతగారూ?"

"ఏమో, నాకేం తెలుసు." నవ్వి, జాగ్రత్తగా మళ్లీ బల్ల మీద పెట్టాడు.

ఆ అమ్మాయి నుదురు కొట్టుకుంది.

పదో తరగతి చదువుతోంది. స్కూల్లో అందరూ ఆమెను 'షార్ట్‌కట్' అనే పిలుస్తారు. లెక్కకు జవాబు పుస్తకం చివరి పేజీలోంచి వస్తుంది. వ్యాసం పక్క బెంచీలోంచి వస్తుంది. కంప్యూటర్ క్లాసులో మాత్రం ఆ పప్పులు ఉడకలేదు.

ల్యాబ్ గోడ మీద తొమ్మిది లక్ష్యాలు రాసి ఉంటాయి. చూడకుండా టైపు చేయడం, ఫైలుకు అర్థమయ్యే పేరు పెట్టడం, పట్టిక గీయడం... ఎనిమిది దాకా ఎలాగో నెట్టుకొచ్చింది. తొమ్మిదోది దాటకపోతే ఆ ఎనిమిదీ గంగలో కలిసినట్టే.

'కంప్యూటర్ అసలు రాని ఒకరికి నెల రోజుల్లో నేర్పాలి. వాళ్లు సొంతంగా ఒక పేజీ ఉత్తరం టైపు చేయాలి. బంధువులు పనికిరారు.'

ఇప్పటికే ఒకసారి తప్పింది. ఈసారి కూడా తప్పితే చదువు మాన్పించి దుకాణంలో కూర్చోబెడతానని తండ్రి తేల్చి చెప్పాడు.

షార్ట్‌కట్‌కి దారి వెంటనే తోచింది. కంప్యూటర్ వచ్చినవాళ్లనే పట్టుకుని, రానివాళ్లని చెప్పేస్తే సరి.

లైబ్రరీలో, కంప్యూటర్ల గది కిటికీ పక్కన, రోజూ సాయంత్రం ఈ ముసలాయన కనిపించేవాడు. పక్క ఆసుపత్రిలో మోకాలికి వ్యాయామం చేయించుకుని, బస్సు వేళ దాకా అక్కడే కూర్చునేవాడు. కళ్లజోడు, జేబులో పెన్సిలు చూసి చదువుకున్నవాడే అనుకుంది. దగ్గరికెళ్లి సంగతంతా దాచకుండా చెప్పింది.

"మీకు కంప్యూటర్ వచ్చుగా తాతగారూ?"

ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు.

"రాదమ్మా," అన్నాడు. "బొత్తిగా రాదు. నేర్పుతావా?"

ఇక తప్పించుకోవడానికి మొహమాటం అడ్డొచ్చింది.

ఆయన వేళ్లు వంగేవి కావు. ప్రశ్నలకు మాత్రం కొదవ లేదు.

"సేవ్ చేస్తే ఇది ఎక్కడికి పోతుంది?"

"లోపలికి."

"లోపలంటే?"

"లోపలే తాతగారూ."

"నువ్వు చూశావా?"

చూడలేదు. రేపు చెబుతానంది. ఇంటికెళ్లి, ఆ ఏడాదిలో మొదటిసారి కంప్యూటర్ పుస్తకం తెరిచింది.

మర్నాడు ఇంకో ప్రశ్న. తుడిచేసిన ఫైలు నిజంగా పోతుందా? కరెంటు పోతే ఇప్పుడు రాసింది పోయి, నిన్నటిది ఎందుకు మిగులుతుంది? చెప్పిన జవాబును ఆయన చిన్న పుస్తకంలో పెన్సిలుతో రాసుకునేవాడు. కొన్నిటి దగ్గర పెన్సిలు ఆగిపోయేది. నా బుర్రకెక్కలేదు, మళ్లీ చెప్పమనేవాడు. మళ్లీ చెప్పబోతేగానీ తన జవాబు తప్పని ఆమెకు తెలిసేది కాదు.

ఒకరోజు విసుగొచ్చి అనేసింది. "మీకు నేర్పేకంటే గోడకు నేర్పడం నయం."

"నిజమే టీచరమ్మా. గోడ ఎదురు ప్రశ్నలు వేయదు."

నెల గడిచింది. ఆఖరి సాయంత్రం ఉత్తరం ప్రింటు తీసి ఆమె చేతిలో పెట్టాడు. మోకాలు బాగుపడిందనీ, పొద్దున్నే ఊరు వెళ్లిపోతున్నాననీ చెప్పాడు. బస్సు హారన్ వినిపించగానే కర్ర అందుకుని బయల్దేరాడు. పేరైనా అడగలేదన్న సంగతి ఆమెకు ఇంటికెళ్లాక తట్టింది.

మర్నాడు ల్యాబ్‌లో కంప్యూటర్ మేడమ్ ఆ ఉత్తరం చదివింది.

'మా టీచరమ్మకు ఓపిక తక్కువ. కానీ తెలియనిది తెలియదని ఒప్పుకుంటుంది. మర్నాటికి తెలుసుకుని వస్తుంది. నాకు అది చాలు.'

మేడమ్ సొరుగులోంచి, నేర్పినవాళ్లను అడిగే ప్రశ్నలున్న, మడతల దగ్గర చిరిగిన పాత కాగితం తీసి అడగడం మొదలుపెట్టింది. సేవ్ చేస్తే ఎక్కడికి పోతుంది? లోపలంటే? తుడిచేసిన ఫైలు నిజంగా పోతుందా? మొత్తం పదమూడు. అవే ప్రశ్నలు, అదే వరుసలో. షార్ట్‌కట్ ఎక్కడా తడుముకోలేదు.

మేడమ్ పెన్ను మార్కుల కాగితం మీద ఆగిపోయింది.

"ఈ కాగితం నా సొరుగు దాటి బయటికి వెళ్లదు. ఇవన్నీ నీకు ముందే ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్. అడిగారంతే. జవాబులు నేనే వెతుక్కున్నాను."

"ఎవరు అడిగారు?"

ఆమె ఉత్తరం వైపు చూపించింది. "ఆ తాతగారే."

మేడమ్ ఉత్తరాన్ని మళ్లీ చదివింది. తొమ్మిదో గడిలో టిక్కు పెట్టింది. తర్వాత అడిగిన ప్రశ్న ఆ కాగితంలో లేదు.

"మొదటి రోజు ఆయన మౌస్‌ని ఎలా పట్టుకున్నారు?"

"పట్టుకోలేదు మేడమ్. తిరగేసి కింద చూశారు. దీపమే ఉందా అన్నారు."

మేడమ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. పొద్దుటి బస్సు వెళ్లి అప్పటికే నాలుగు గంటలు గడిచాయి.

"మేం నేర్చుకున్న రోజుల్లో అందులో దీపం కాదు, చిన్న బంతి ఉండేది," అంది ఇటు తిరగకుండా. "ఇదే గదిలో, మొదటి పాఠంగా, మౌస్‌ని తిరగేసి ఆ బంతిని నా అరచేతిలో పెట్టిందీ, ఈ గోడ మీద తొమ్మిదో లక్ష్యం రాయించిందీ ఆయనే."