ఎదురుగా కూర్చున్నాయన

ముసలాయన డబ్బాకు చుట్టుకున్న గుడ్డ జారగానే కలెక్టరుగారికి దొంగ దొరికాడు.

అదీ ఎర్రమూత డబ్బాయే!

కలెక్టరుగారంటే సంతకాలు పెట్టే కలెక్టరు కాదు. రైళ్ళలో టికెట్లు చూసి రిటైరైన టికెట్ కలెక్టరు. పక్క వాటాలవాళ్ళు మొదటి మాట మింగేసి రెండో మాటతోనే పిలుస్తారు. ఆయనా ఎప్పుడూ సరిదిద్దలేదు.

ఆ మధ్య గుండె నీరసించి, ఆస్పత్రిలో చేరి, గండం గడిచి ఇంటికొచ్చారు. ఉప్పు బాగా తగ్గించమన్నారు డాక్టరు. కూతురు పొద్దున్నే ఉద్యోగానికి పోతుంది. అందుకని ఇలాంటి రోగుల కోసమే నడిచే ఒక వంటశాల నుంచి మధ్యాహ్నం భోజనం వచ్చే ఏర్పాటు చేసింది. అక్కడి ఎర్రమూత డబ్బాలు రోగులకు తప్ప ఎవరికీ ఇవ్వరు.

మొదట్లో స్కూటరు మీద ఒకమ్మాయి తెచ్చేది.

కలెక్టరుగారు మూత తీసి చూసి, "దీనికన్నా గడ్డి నయం," అని మళ్ళీ మూసేసేవారు.

తర్వాత ఈ ముసలాయన రావడం మొదలుపెట్టాడు. మెట్ల మీద ఆగి ఆగి ఎక్కేవాడు. ఒట్టి బద్ధకస్తుడనుకున్నారు కలెక్టరుగారు.

డబ్బా ఇచ్చి ఊరుకునేవాడు కాదు. ఎదురుగా కూర్చుని, గుడ్డ చుట్టిన తన డబ్బా ఒళ్ళో పెట్టుకుని తనూ తినేవాడు. ఇంటి నుంచి తెచ్చుకున్నదేమో అనుకున్నారు కలెక్టరుగారు.

"ఉప్పు లేకుండా ముద్ద ఎలా దిగుతుందయ్యా?"

"నిమ్మకాయ పిండుకోండి. ఉప్పుకి ఇది సవతి. ఇది గడపలో అడుగుపెడితే అది గుర్తుకు రాదు."

కలెక్టరుగారు టికెట్ లేకుండా దొరికిన పెళ్ళికొడుకు కథ చెప్పేవారు. ముసలాయన పొలమారేలా నవ్వేవాడు. కథ ముగిసేసరికి డబ్బా ఖాళీ.

పాదాల వాపు తీసింది. చెప్పులు మళ్ళీ పట్టాయి. డాక్టరు భుజం తట్టారు.

"అంతా నా మనోబలం," అన్నారు కలెక్టరుగారు.

ఇవాళ ఆ గుడ్డ జారింది.

"పేషెంట్లకిచ్చే డబ్బా నీ ఒళ్ళోకెలా వచ్చిందయ్యా?"

"అది కాదండీ..."

"ఆగు. నా సర్వీసంతా ఈ 'అది కాదండీ' వింటూనే గడిచింది. దాని వెనకాల వచ్చేది అబద్ధమే."

ముసలాయన డబ్బాకు మళ్ళీ గుడ్డ చుట్టుకుని మెల్లగా లేచాడు.

"మీరు తినండి. చల్లారిపోతుంది."

అతను మెట్లు దిగకముందే కలెక్టరుగారు వంటశాలకు ఫోన్ చేశారు.

"రోగుల నోటి దగ్గర కూడు లాక్కునేవాణ్ణా మీరు పంపేది?" అని, జవాబు వినకుండానే పెట్టేశారు.

మర్నాటి నుంచి మళ్ళీ స్కూటరమ్మాయే. డబ్బా చేతిలో పెట్టడం, తుర్రుమనడం.

నిమ్మకాయ ఉంది. కథలూ ఉన్నాయి. వినే చెవి లేదు. ముద్ద గొంతులోనే ఆగిపోతోంది.

"నాన్నా, మళ్ళీ చెప్పులు పట్టడం లేదేంటి?" అంది కూతురు.

"చెప్పులు బిగిసిపోయాయమ్మా."

"చెప్పులు బిగుసుకోవు నాన్నా, మనుషులే బిగుసుకుంటారు. అసలేమైంది?"

కలెక్టరుగారు జరిగింది చెప్పారు. చెబుతుండగానే తప్పెవరిదో తెలిసొచ్చింది. తెలిశాక తాత్సారం చేసే మనిషి కాదాయన.

"బండి తియ్యి," అన్నారు.

వంటశాలంతా ఆవిరి. కడిగిన మూతలు బల్ల మీద ఆరుతున్నాయి. పెద్ద గిన్నె దగ్గర గరిట తిప్పుతున్నావిడే అక్కడ అన్నీ చూసుకునేది.

"అమ్మా, ఆ ముసలాయన్ని మళ్ళీ పంపండి. డబ్బా ఎక్కడిదని ఇంక అడగను. ఆకలేసిన మనిషి నాలుగు మెతుకులు తింటే పోయిందేముంది? ఆయనొస్తేనే నాకు ముద్ద దిగుతోంది."

ఆవిడ గరిట పక్కన పెట్టింది.

"ఆయన మా దగ్గర పనిచేసే మనిషి కాదండీ. మీ డబ్బా ముట్టకుండా తిరిగొస్తోందని మేమనుకుంటుంటే విన్నారు. 'ఒక్కడే కూర్చుంటే ఏం తినబుద్ధవుతుందమ్మా, ఇక నేను పట్టుకెళ్తాను' అన్నారు."



"ఇప్పుడెక్కడున్నారు?" అన్నారు కలెక్టరుగారు.

"ఆస్పత్రిలో. ప్రమాదమేమీ లేదన్నారు లెండి."

"పదమ్మా," అన్నారు కూతురితో. గడప దాటబోతూ వెనక్కి తిరిగారు. "ఈసారి ఎవరికి తోడుగా వెళ్ళారు? అక్కడ ఏ పేషెంటని అడగాలి?"

"ఆయన పేరే చెప్పండి," అంది ఆవిడ. "మీకన్నా ముందునుంచీ ఆయన మా గుండె పేషెంటు, మీ ఎదురుగా కూర్చుని తిన్నది ఆయన భోజనమే."