ఉడకనిది లోపలికి రాకూడదు

ఈ బ్యాచ్ సీసాల్లోనూ ఆకుపచ్చ బూజు కనిపించగానే సూర్యకళ మాస్కు గడ్డం కిందికి లాగేసి, అసిస్టెంటు కోటి మీద విరుచుకుపడింది.

"మళ్ళీ ఎండుచేపల క్యారేజీ తెచ్చావా?"

"ఒట్టు మేడమ్, నెలబట్టి పప్పే తింతన్నాను. మాలేసుకున్నావేటని మాయమ్మ అడుగుతంది."

ఆనందపురం దగ్గరున్న ఆ ల్యాబులో ఆకూ వేరూ లేకుండా, సర్పగంధి మొక్క కణాలను సీసాల్లోనే పెంచి బీపీ మందు తీయాలి. ఈలోగా సూర్యకళకే బీపీ వచ్చేలా ఉంది. ఆమె పెట్టిన నియమం ఒకటే: పెద్ద కుక్కరులాంటి ఆటోక్లేవ్‌లో ఉడకనిదేదీ సీసాల దగ్గరికి రాకూడదు.

"ఇంకోసారి బూజు పట్టిందో, నువ్వు మళ్ళీ మీ నాన్న పడవెక్కాల్సిందే!"

కోటి భయపడి గదంతా మూలమూలలా తుడిచాడు. సీసాలు నింపే గాజు పెట్టెలో, ట్యూబ్‌లైటు వెనక చెయ్యి పెడితే మెత్తగా ఏదో తగిలింది. లాగితే దారానికి గుచ్చిన నిమ్మకాయా, మిరపకాయలూ బయటికొచ్చాయి. సీసాల్లో ఉన్న ఆకుపచ్చ బూజే నిమ్మకాయ నిండా ఉంది.

"ఇదేటి మేడమ్?"

సూర్యకళ గొంతు తగ్గింది. "మొదటి బ్యాచ్ అంత బాగా వచ్చింది కదా. దిష్టి తగులుతుందేమోనని..."

కోటి నవ్వు ఆపుకున్నాడు. "కుళ్ళిపోనాది మేడమ్. పారీమంటారా?"

"పారెయ్."

గుమ్మం దాటబోతున్నవాణ్ణి మళ్ళీ పిలిచింది.

"కోటీ, వచ్చేటప్పుడు కొత్తది తీసుకురా."

ఒక్క క్షణం ఆలోచించి, మాస్కు పైకి లాక్కుంటూ అంది: "ముందు ఆటోక్లేవ్‌లో ఉడకబెట్టు."